ఇరవయ్యో కిలోమీటరు దగ్గర ఆగిన సైకిల్

ఏప్రిల్ రెండో వారంలో, పొద్దున పదకొండుంబావుకు మా లారీ ఆ లోయలో ఆగింది. దిగగానే తల తిరిగింది. ఎత్తు పదకొండు వేల ఎనిమిది వందల అడుగులని రేకు బోర్డు మీద తెల్ల పెయింటుతో రాసి ఉంది. రెండు పక్కలా చెట్టన్నది లేని కొండలు. నడుమ బూడిద రంగు నీళ్ళతో ఒక ఏరు. ఏటి పక్కనే కొత్తగా వేసిన తారు రోడ్డు. ఆ రోడ్డు అక్కడి నుంచి ఇరవై మూడు కిలోమీటర్లు ఎక్కి, పద్నాలుగు వేల ఆరు వందల అడుగుల దగ్గర మా పై పోస్టులో ఆగిపోతుంది. లోయ పేరు చెప్పను. రహస్యమని కాదు, ఇప్పుడది అందరికీ తెలుసు. నాకే నోరు రాదు.

నాది కర్ణాటక అంచున బాగేపల్లి తాలూకా పరగోడు. పట్టాళంలో నేను రేడియో ఆపరేటర్ని. నా చేతి కిందికి వచ్చిన సామాను ఇది: ఒక రేడియో సెట్టు, మూడు బ్యాటరీలు, ఒక లాగ్ పుస్తకం, అరడజను పెన్సిళ్ళు. ఆ చలికి పెన్నులో సిరా కదలదు. అందుకని ఎవరు ఎప్పుడు ఎక్కడ ఉన్నారో అంతా పెన్సిల్‌తోనే రాయాలి. పెన్సిల్ రాత చెరిపేయొచ్చు కదా అని మొదటి రోజే అనిపించింది. అప్పుడు నవ్వులాటకి అనుకున్నాను.

మొదటి ఆరు రోజులు పని లేదు. అది ఆర్డర్. కొత్తగా వచ్చినవాడైనా, సెలవు నుంచి తిరిగొచ్చినవాడైనా కింది క్యాంపులో ఆరు రోజులు ఊరికే తిరగాలి, మెల్లగా నడవాలి, నీళ్ళు తాగాలి. గాలి పలచన. ఒళ్ళు దానికి అలవాటు పడకముందు బరువు మోస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మా నర్సింగ్ అసిస్టెంట్ ఒడియా మనిషి, మాటకారి. తొందరపడేవాణ్ణి మోసుకుపోయే ఓపిక తనకు లేదని రోజూ పొద్దున్నే వరసలో నిలబెట్టి చెప్పేవాడు.

ఆ ఆరు రోజుల్లోనే మునిరాజు దొరికాడు. నాలాగే ఆ లారీలో వచ్చిన జవాను. చింతామణికి పడమట, నాలుగు గంటల నడక దూరంలో ఉన్న పల్లె వాళ్ళది. కుక్ దగ్గర పప్పు పోయించుకుంటూ నేను నాలో నేను ఏదో గొణుక్కున్నాను. వెనక నుంచి ఒక గొంతు, "యా ఊరప్పా మీది?" అంది. అంతే. ఆ రోజు నుంచి ఇద్దరం ఒకే బంకర్. గుంటూరు వాళ్ళు మాది కన్నడమన్నారు, మండ్య వాళ్ళు మమ్మల్ని ఆంధ్రా వాళ్ళన్నారు. ఎవరి లెక్కలోనూ పడని వాళ్ళం ఇద్దరమే కాబట్టి మాకు మేమే ఒక రాష్ట్రం.

జూన్‌లో కెప్టెన్ సాబ్ ఒక కొత్త పని తెచ్చాడు. ఆ లోయ రోడ్డును ముందు ముందు సైకిళ్ళ మీద వచ్చే పౌరులకు తెరుస్తారట. ముందుగా మేం తొక్కి చూసి రాయాలి. ఎన్ని కిలోమీటర్లు, ఎక్కడ ఎంత ఏటవాలు, తాగే నీళ్ళు ఎక్కడ, ఎదురుగాలి ఏ వేళకు లేస్తుంది, మనిషి ఎక్కడెక్కడ ఆగాలి. గేర్లున్న సైకిళ్ళు మూడొచ్చాయి. తొక్కింది ముగ్గురు: కెప్టెన్ సాబ్, మా మెకానిక్, మునిరాజు. కింద కూర్చుని వాళ్ళ టైములు రాసింది నేను.

ఇప్పుడు పౌరులు నిజంగానే పోతున్నారు. మొన్న ఒక ఆదివారం చిక్కబళ్ళాపురంలో కాఫీ తాగుతుంటే, బెంగుళూరు నుంచి నంది కొండ ఎక్కడానికి వచ్చిన సైకిల్ కుర్రాళ్ళు పక్కన కూర్చున్నారు. నా టోపీ చూసి మాట కలిపారు. వచ్చే వేసవిలో ఎవరికీ పెద్దగా తెలియని ఒక దారికి పోతున్నామని ఫోన్ తీసి చూపించారు. మా రోడ్డే. కింద మజిలీల పట్టిక ఉంది. ఆరో కిలోమీటరు, పన్నెండు, పదిహేడు, ఇరవై. నాలుగోచోట ఎందుకు ఆగాలి అనడిగాను. ఫోటోలకు బాగుంటుందేమో అన్నాడు ఒకడు. ఇంటికొచ్చి మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మేం రాసిన కాగితంలో మజిలీలు మూడే. ఆరు, పన్నెండు, పదిహేడు. ఒక్కోచోట ఇరవై నిమిషాలు, గడియారం చూసుకుని, సైకిల్ దిగి, కూర్చుని. ఎంత బలవంతుడైనా సరే. చేరగానే వెంట ఉన్న చేతి సెట్టులో ఒకసారి, బయల్దేరేటప్పుడు ఇంకోసారి చెప్పాలి. మునిరాజుకి ఈ ఆగడమే నచ్చేది కాదు. కెప్టెన్ సాబ్ పక్కనుంటే బుద్ధిగా కూర్చునేవాడు గానీ, పట్నం పిల్లల్లాగా ఊరికే కూర్చోబెడతారని రాత్రి నా దగ్గర సణిగేవాడు.

దానికో కారణం ఉంది. వాళ్ళ నాయన మునివెంకటప్ప పట్టుగూళ్ళు మోసే మనిషి. నాలుగూళ్ళ రైతులు పండించిన గూళ్ళు మూటలు కట్టి, సైకిల్ మీద వేసుకుని చింతామణి మార్కెట్టుకు చేర్చడం ఆయన పని. మునిరాజు కూడా పట్టాళంలో చేరేదాకా ఆ పనే చేశాడు. మూటలో గూళ్ళు ఎక్కువసేపు ఉంటే వేడెక్కుతాయి. లోపల పురుగు చితికిందంటే పట్టుకి మరక. పైగా మూటలు మనిషికన్నా ఎత్తు. దారిలో దిగితే మళ్ళీ ఎక్కించేవాడు ఉండడు. అందుకని మూట వేసుకున్నాక మార్కెట్టు గేటు దాకా కాలు కింద పెట్టకూడదు. వాళ్ళ ఊళ్ళో గొప్ప మనిషంటే కాలు పెట్టనివాడే. మునిరాజు కైవారం గుట్టల దగ్గర ఎద్దుల బండి అడ్డమొస్తే కూడా దిగకుండా దాని చుట్టూ తిరుగుతూ ఉండిపోయాడట. ఆ కథ నాకు పదిసార్లు చెప్పాడు. పదిసార్లూ బాగానే ఉండేది.

ఆ కొత్త సైకిల్ చూసి మొదట వాడడిగింది స్టాండ్ యాడ ఉండాదని. లేదు. ఆ రకం సైకిళ్ళకు స్టాండూ ఉండదు, క్యారియరూ ఉండదు. దిగితే నేల మీద పడుకోబెట్టాలి. సైకిల్‌ని పడుకోబెట్టడం వాడికి తప్పుగా తోచింది. మెకానిక్‌ని బతిమాలి, విరిగిన మంచం ఇనుముతో క్యారియర్ వెల్డింగ్ చేయించుకున్నాడు. వెనక చక్రం నేలకు తగలకుండా లేపి నిలబెట్టే డబల్ స్టాండ్ కూడా పెట్టించుకున్నాడు. కెప్టెన్ సాబ్ చూసి నవ్వి ఊరుకున్నాడు.

ఆగస్టులో వాడు సెలవు మీద ఊరికి పోయాడు. సెప్టెంబరులో తిరిగొచ్చాడు. నాకు నువ్వుల ఉండలు తెచ్చాడు, దగ్గు కూడా తెచ్చుకున్నాడు. పొడి దగ్గు. రైల్లో ఏసీ పడలేదన్నాడు. నేను నమ్మాను. వాడు కింది క్యాంపులో ఆరు రోజులు ఉండాలి. నాలుగో రోజు తెల్లవారింది.

ఐదు నలభైకి పై పోస్టు నుంచి పిలుపు. పైన కుక్‌కి రాత్రి నుంచి ఊపిరి ఆడటం లేదు, పెదాలు నల్లబడ్డాయి. వాళ్ళ దగ్గరున్న ఆక్సిజన్ సిలిండర్ ఖాళీ అవుతోంది. మనిషిని స్ట్రెచర్ మీద కిందికి మోసుకొస్తారు, కానీ దారిలో ప్రాణం నిలవాలంటే ఇంకో సిలిండర్ ఎదురు రావాలి. బయట మంచు కలిసిన వాన. హెలికాప్టర్ రాదు. మూడో కిలోమీటరు దగ్గర కొండ జారి రోడ్డు మీద పడి ఉంది, లారీ పోదు. మట్టి మీదుగా సైకిల్‌ని ఎత్తి దాటించొచ్చు.

కెప్టెన్ సాబ్ హెడ్‌క్వార్టర్స్‌కి పోయి ఉన్నాడు. సుబేదార్ సాబ్ మెకానిక్‌ని పిలిచాడు. మెకానిక్ నిదానస్తుడు. బరువుతో నాలుగున్నర గంటలు పడుతుందన్నాడు. సుబేదార్ సాబ్ సరే, బయల్దేరు అన్నాడు. అక్కడితో అయిపోవాల్సింది.

నేను నోరు విప్పాను. మునిరాజైతే మూడు గంటల్లో చేరుస్తాడు సాబ్, మా వైపు మనిషి, బరువు మోయడం వాడికి పుట్టుకతో వచ్చింది అన్నాను. ఆ మాట అనేటప్పుడు నా ఛాతీ కొంచెం పొంగింది కూడా. మా జిల్లా పేరు అక్కడ ఎవరికీ తెలియదు. ఆ ఒక్క రోజైనా తెలియాలనిపించింది. వాడికి ఆరు రోజులు నిండలేదని నర్సింగ్ అసిస్టెంట్ అడ్డం చెప్పాడు. సుబేదార్ సాబ్ మునిరాజు వైపు చూశాడు. బాగానే ఉన్నాను సాబ్ అన్నాడు వాడు. దగ్గు వచ్చింది, మింగేశాడు. నేను చూశాను.

సిలిండర్ పదహారు కిలోలు. పాత ట్యూబు కోసి చేసిన రబ్బరు పట్టీలతో క్యారియర్‌కి అడ్డంగా కట్టాడు. ఎంత బిగించాడంటే సైకిల్ మొత్తం ఊపినా అది కదల్లేదు. ఆరున్నరకి బయల్దేరాడు. వెనక్కి చూడలేదు.

ఏడు ఎనిమిదికి పిలిచాడు.

"మొదటి మజిలీ చేరినా. ఓవర్."

"కూర్చో. ఇరవై నిమిషాలు. ఓవర్."

రెండు నిమిషాలు కూడా కాలేదు.

"పోతాండాప్పా. ఓవర్."

"రూలుండాది గదప్పా, ఆగు. ఓవర్."

"మూటేసుకోని కాలు కింద పెడ్తారా యాడన్నా? ఓవర్."

నేను నవ్వాను. వాడూ నవ్వాడు. సెట్టులో ఆ నవ్వు మధ్యలో దగ్గుతో తెగింది. నేను పెన్సిల్ తీసుకుని లాగ్ పుస్తకంలో రాశాను. చేరింది ఏడు ఎనిమిది, బయల్దేరింది ఏడు ఇరవై ఎనిమిది. వాడు తిట్లు తినకూడదని రాశాను. సుబేదార్ సాబ్ నా వెనకే నిలబడి ఉన్నాడు, తెలుగు రాదు. అన్నీ సక్రమమేనా అనడిగాడు. సక్రమమే సాబ్ అన్నాను.

రెండో మజిలీ ఏడు యాభై రెండు. బయల్దేరింది యాభై మూడుకి. ఎనిమిది పన్నెండు అని రాశాను. మూడోది ఎనిమిది ముప్పై ఆరు. అప్పటికి వాడి మాట తగ్గింది. చేరినా అనలేదు, పేరు కూడా చెప్పలేదు. "పోతాండా" అని మాత్రం అన్నాడు. ఆ ఒక్క మాటకి మూడుసార్లు ఊపిరి తీసుకున్నాడు. ఆపమని గట్టిగా చెప్పాల్సింది అప్పుడే. ఆపు, లేకపోతే సుబేదార్‌కి చెప్తా అంటే ఆగేవాడేమో. కానీ చెబితే ముందు రాసిన రెండు అబద్ధాలు బయటపడతాయి. పైన ఒక మనిషి ప్రాణం పోతోంది, ఇంకా ఆరు కిలోమీటర్లే, చేరిపోతాడు అనుకున్నాను. ఎనిమిది యాభై ఆరు అని రాశాను.

తొమ్మిది ఇరవైకి సెట్టు ఒకసారి బతికింది. మాట లేదు. గాలి చప్పుడు, దాని వెనక ఇంకేదో చప్పుడు. గుడగుడమని, నీళ్ళలోంచి వస్తున్నట్టు. నేను పేరు పెట్టి పదకొండుసార్లు పిలిచాను.

తొమ్మిది నలభై ఆరుకి పై పోస్టు హవల్దార్ గొంతు వచ్చింది. వాళ్ళు కుక్‌ని మోసుకుంటూ దిగుతున్నారు. ఇరవయ్యో కిలోమీటరు మలుపు తిరిగేసరికి సైకిల్ కనిపించింది.

"సైకిల్ నిలబడి ఉంది. మనిషి పక్కన కూర్చుని ఉన్నాడు. ఊపిరి లేదు. ఓవర్."

సిలిండర్ విప్పి ముందు మునిరాజుకే పెట్టారు. ఇరవై ఐదు నిమిషాలు చూశారు. తర్వాత కుక్‌కి మార్చారు. కుక్ బతికాడు. ఇప్పటికీ బతికే ఉన్నాడు.

మర్నాడు పొద్దున సైకిల్ తేవడానికి నన్నూ మెకానిక్‌నీ పంపారు. మంచు ఆగింది, ఎండ కాస్తోంది. ఇరవయ్యో కిలోమీటరు దగ్గర రోడ్డు అంచున, లారీలకు అడ్డం లేకుండా, డబల్ స్టాండ్ మీద సైకిల్ నిటారుగా ఉంది. సీటు మీద వేలెడు మంచు. ముందు చక్రానికి అటొక రాయి, ఇటొక రాయి. దొర్లకుండా. సైజు చూసి ఏరినవి, రెండూ సరిగ్గా సరిపోయాయి. ఆ రాళ్ళు రోడ్డు మీదవి కావు. పది అడుగులు దిగి ఏటి గట్టు నుంచి తెచ్చినవి. ఊపిరితిత్తుల నిండా నీళ్ళతో ఆ మనిషి పది అడుగులు దిగి, రెండుసార్లు వంగి, మళ్ళీ ఎక్కాడు. మెకానిక్ తల పక్కకి తిప్పుకున్నాడు. నేను రోడ్డు మీదే కూర్చుని ఏడ్చాను.

విచారణ ఒక పూటలో అయిపోయింది. లాగ్ పుస్తకం చూశారు. మూడు మజిలీలు, మూడు ఇరవై నిమిషాలు. నిజమేనా అని నన్నొక్కసారి అడిగారు. అవును సాబ్ అన్నాను. నా రాత ప్రకారం వాడు పదహారు కిలోల బరువుతో, ఆ ఎత్తులో, ఆరు కిలోమీటర్ల ఎక్కుడు ఇరవై నాలుగు నిమిషాల్లో ఎక్కాడు. తీసివేత చేసి చూస్తే దొరికిపోయేవాణ్ణి. ఎవరూ చేయలేదు. కెప్టెన్ సాబ్ దారి కాగితంలో ఇరవయ్యో కిలోమీటరును నాలుగో మజిలీగా చేర్చాడు. మూడు మజిలీల్లోనూ ఆగి, నియమాలన్నీ పాటిస్తూ మీ అబ్బాయి వీరమరణం పొందాడని ఇంటికి ఉత్తరం పోయింది.

మరుసటి ఏప్రిల్‌లో ఆ లోయలో మా టూరు ముగిసింది. ఇంట్లో రెండు రోజులున్నాను. మూడో రోజు బాగేపల్లిలో బస్సెక్కి, చేళూరు మీదుగా చింతామణిలో దిగాను. పదిన్నర. ఎండ దంచుతోంది. గూళ్ళ మార్కెట్టు గేటు దగ్గర మునివెంకటప్ప ఎవరని అడిగాను. ఇప్పుడు చాలామంది ఆటోల్లో తెస్తున్నారు, ఆయన ఇంకా సైకిల్ మీదే తెస్తున్నాడు. బక్క మనిషి, పిక్కలు మాత్రం ఇనుము. మూటలు దించి, చెమట తుడుచుకుని, నన్ను చూశాడు. నేనెవరో చెప్పాను. మార్కెట్టు గోడ నీడన కూర్చున్నాం.

ఆయన ముందు నా ఊరడిగాడు, వర్షాలడిగాడు. తర్వాత చొక్కా జేబులోంచి ఆ ఉత్తరం మడత తీశాడు. కన్నడంలో ఎవరో చదివి వినిపించారట.

"ఇందులో మావోడు మూడు తావుల ఆగినాడని ఉండాది. నిజమాప్పా?"

బస్సులో కూర్చున్నంతసేపూ అబద్ధమే సిద్ధం చేసుకున్నాను. ఆయన మొహం చూశాక రాలేదు.

"ఆగల్యాప్పా. ఆగినాడని నేనే రాసినా."

మిగిలినదంతా చెప్పేశాను. మెకానిక్ పోవాల్సింది, నేను గొప్పకి పోయి వాడి పేరు చెప్పడం, దగ్గు చూసీ చూడనట్టు ఊరుకోవడం, మూట మాట విని నవ్వడం, పెన్సిల్. ఒక్కటి కూడా దాచలేదు. మధ్యలో ఆయన ఒక్కసారే అడ్డం వచ్చాడు.

"ఆ మాట చెప్పినప్పుడు వాడూ నవ్వినాడా?"

"నవ్వినాడప్పా."

తల ఊపాడు. మార్కెట్టు లోపల వేలం కేకలు వినిపిస్తున్నాయి. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆఖర్న యాడ ఆగినాడో అది చెప్పమన్నాడు. చెప్పాను. స్టాండ్ సంగతి, రెండు రాళ్ళ సంగతి. పది అడుగులు దిగి తెచ్చిన సంగతి కూడా చెప్పాను. వాడు చివరిదాకా బరువును కాపాడాడని వింటే ఆయనకి కొంచెం ఊరటగా ఉంటుందనుకున్నాను. నాకు తెలిసింది అంతే.

ఆయన ఉత్తరం మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అదీ నేనే నేర్పిచ్చినా. దావలో ఆగాల్సొస్తే ముందు మూటకి రాయి పెట్టు, ఆమీటనే నీ సంగతి చూసుకో అని. సిలిండర్ ఇప్పుకోని వాడే పీల్చుకోకూడదా? మూట మనది కాదు, ముట్టుకోకూడదని కూడా నేనే చెప్పినా."

ఆ సిలిండర్ వాడి పక్కనే, చేయి చాపితే అందేంత దగ్గర్లో ఉండింది. నాకు అంతవరకూ అది తట్టనే లేదు. ఏడు నెలలు నా అబద్ధం గురించే ఏడ్చాను. వాడు ఆ మలుపు దగ్గర దాన్ని చూస్తూ కూర్చున్నాడని ఆయన చెబితేగానీ తెలియలేదు.

నన్ను బస్టాండు దాకా పంపడానికి వచ్చాడు. వద్దన్నా వినలేదు. సైకిల్ తోసుకుంటూ నా పక్కన నడిచాడు. చేళూరు బస్సు నిలబడి ఉంది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆయన గోడ పక్కకి పోయి సైకిల్ ఆపాడు. స్టాండ్ వేశాడు. బస్టాండులో నేల చదును, అంతా సిమెంటు. సైకిల్ మీద మూట లేదు, బరువు లేదు, ఏమీ లేదు. ఆయన అటూ ఇటూ వెతికాడు. కాంపౌండు గోడ దగ్గర దొరికాయి. వంగి ఒక రాయి చక్రం ముందు పెట్టాడు. వంగి ఇంకోటి వెనక పెట్టాడు. అప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి నా చేయి పట్టుకున్నాడు.

బస్సు కదిలాక వెనక్కి చూశాను. ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. ఆ పక్కన ఖాళీ సైకిల్, చక్రం కింద రెండు రాళ్ళు. ఇన్నేళ్ళయినా కళ్ళు మూసుకుంటే నాకు కనిపించేది ఆ లోయ కాదు, ఆ మంచు కాదు. ఆ రెండు రాళ్ళే.